ముత్యంలా తోమి ఇచ్చాను

మార్చి 3, సోమవారం

ఇరవై ఏడేళ్ళయింది. ఆ డాక్టరు ఇవాళ్టిదాకా నాతో ఒక్క మాట అనలేదు. "తప్పైపోయింది మేస్త్రీ" అంటే నాలుక అరిగిపోతుందా? అనలేదు.

నాకు రాయడం పెద్దగా రాదు. వచ్చిన నాలుగక్షరాలూ ఆయన చీటీలు చదవడానికి నేర్చుకున్నవే. పై దవడ, కింది దవడ, రంగు మూడు, రంగు నాలుగు. అవి చాలు, పద్దెనిమిదేళ్ళు ఆయన ఆసుపత్రి వెనక గదిలో కట్టుడు పళ్ళు చేశాను. మా అమ్మాయి పన్ను సంగతి మళ్ళీ ఎవరితోనైనా ఎత్తితే సాయంత్రానికి మా ఆవిడ చెవిన పడుతుంది. అందుకని రాస్తున్నాను.

పిల్లకి అప్పుడు ఎనిమిదేళ్ళు. బడి మెట్ల మీద పడింది. ఇనప కమ్మీ తగిలి ముందు పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. పాలపన్ను కాదు, అసలు పన్ను. దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఏడవకుండా నేరుగా నా గదికే వచ్చింది. మా నాన్న పళ్ళు చేసేవాడు, ఏదో ఒకటి చేస్తాడని ధీమా. పన్నుకి మట్టి, వేరుకి ఎర్రగా పీచు. బ్రష్షు పట్టి తోమాను. పాలిష్ పొడి వేసి మళ్ళీ తోమాను. ముత్యంలా తోమి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"ఎవరు కడిగారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

పన్నుని చిగుట్లో పెట్టి పక్కవాటికి తీగతో కట్టాడు. ఆ చూపు చూసినప్పుడే అనుకున్నాను, ఈయనకి ఈ పని చేతకాదని. పదకొండు నెలలకి ఆ పన్ను పిల్ల చేతిలోకి ఊడొచ్చింది. వేరు ఎలక కొరికినట్టు అరిగిపోయింది. నేను ముత్యం ఇచ్చాను, ఆయన ముక్క చేశాడు. వచ్చినవాళ్ళంతా బెంచీల మీద కూర్చుని చూస్తుండగా నోటికొచ్చినట్టు తిట్టి బయటికొచ్చేశాను. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇవాళ ఆయన కోడలు ఫోను చేసింది. "మామయ్యగారికి పళ్ళన్నీ పోయాయండీ. ఎవరు చేసిన సెట్టూ నిలవట్లేదు. మీ చేతి పళ్ళే కావాలంటున్నారు" అంది.

నా చేతి పళ్ళు కావాలట.

మార్చి 4, మంగళవారం

చెయ్యనని చెప్పమన్నాను. మా ఆవిడ ఫోను తీసుకుని, "గురువారం వస్తారమ్మా" అని చెప్పేసింది.

"నేను చెప్పిందేమిటి, నువ్వు చెప్పిందేమిటి?"

"పెద్దాయన. నమలలేక గంజి తాగుతున్నాడట. నీ పంతానికి ఆయన ఎండిపోవాలా?"

"నా కూతురు నవ్వు ఎండిపోలేదా?"

ఈ మాట వచ్చినప్పుడల్లా మా ఆవిడకి ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది. లోపలికి వెళ్ళి గిన్నెలు సర్దింది.

వెళ్తాను. పళ్ళ కోసం కాదు. ఆ మాట అనిపించుకోవడానికి.

మార్చి 6, గురువారం

మనిషి సగమయ్యాడు. నన్ను చూడగానే లేవబోయాడు. కూర్చోమన్నాను.

"ఎలా ఉన్నావు మేస్త్రీ?"

"నోరు తెరవండి."

పై దవడ ఎముక బాగానే ఉంది. కిందిది అరిగిపోయి కత్తి అంచులా ఉంది. అందుకే ఎవరి సెట్టూ నిలవలేదు. ముందు చేసినవాడెవడో కింది దవడ అచ్చు బద్ధకంగా తీశాడు. నాలుక కింద మూల అసలు పడనే లేదు. అచ్చు సరిగా రాకపోతే ఆ తర్వాత ఎంత చేసినా దండగే.

అచ్చు ముద్ద నోట్లో పెట్టాక ఆయన ఏదో అడగబోయాడు. "అమ్మాయి" అన్నట్టు వినపడింది.

"మాట్లాడకండి. ముక్కుతో గాలి పీల్చండి" అన్నాను.

నాలుగు నిమిషాలు ఆయన నోరు నా చేతిలో ఉంది. ఇరవై ఏడేళ్ళలో నాకు అంత సుఖంగా ఎప్పుడూ లేదు.

మార్చి 9, ఆదివారం

అమ్మాయి, మనవరాలు వచ్చారు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఆదివారం భోజనం ఇక్కడే. మనవరాలికి ఏడేళ్ళు. క్షణం ఊరుకోదు, అందుకని పిచ్చుక అంటాం. పై పళ్ళు రెండూ ఊడి, నోరు తలుపుల్లేని గుమ్మంలా ఉంది. దానికి సిగ్గే లేదు. నోరంతా తెరిచి నవ్వుతుంది.

వాళ్ళమ్మ అలా నవ్వదు. వెకిలిగా ఉంటుందని చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. బ్యాంకులో ఉద్యోగం. ఇప్పటికీ అదే చెయ్యి. పెళ్ళి ఫోటోలో పెదవులు బిగించుకుని, ఎవరో బలవంతాన కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఆ పన్ను పోయిన దగ్గర్నుంచి నేనే ఒంటి పన్ను ప్లేటు చేసి ఇస్తున్నాను. ఎదిగే పిల్ల కదా, దవడ మారినప్పుడల్లా కొత్తది. ఇప్పటికి తొమ్మిది. నా ప్లేటులో వంక పెట్టడానికి లేదు. అయినా అది ప్లేటే. గట్టిగా నవ్వితే జారుతుంది.

భోజనాలయ్యాక అంది, "నాన్నా, నేను స్క్రూ పన్ను పెట్టించుకుంటున్నాను."

"ఎప్పుడు?"

"దవడ ఎముకలోకి స్క్రూ వేసి చాలా రోజులైంది. ఈ నెల ముప్ఫై ఒకటిన పైన పన్ను బిగిస్తారు."

ఆరు నెలల నుంచి వెళ్తోందట. మొదట అక్కడ ఎముక చాల్లేదట. ఎముక పొడి వేసి, అది గట్టిపడేదాకా ఆగారట. నేను ఇప్పుడు పని చేసిపెట్టే చిన్న డాక్టరమ్మ దగ్గరే. నేను వారం వారం ఆవిడకి సెట్లు చేసి ఇస్తున్నాను. ఆవిడా ఒక్క మాట చెప్పలేదు. మా ఆవిడకి తెలుసు. అల్లుడికి తెలుసు. పిచ్చుక్కి కూడా తెలుసు.

"ఆ పన్ను ఎవరు చేస్తారు?"

"మిషను నాన్నా. కంప్యూటర్లో కొలత పెడితే అదే చెక్కుతుంది."

"మంచిది. మిషనుకి చెయ్యి వణకదు."

అమ్మాయి తల వంచుకుంది. నాకూ చెయ్యి వణకదు.

మార్చి 11, మంగళవారం

డాక్టరు పళ్ళు మైనంలో పేర్చాను. ముందు పన్ను పెట్టేటప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చింది. దీన్ని వెంట్రుకవాసి పక్కకి తిప్పితే? ఎవరికీ తెలియదు. ఆయనకి మాత్రం నవ్వినప్పుడల్లా అద్దంలో ఏదో తేడాగా ఉంటుంది. జీవితమంతా.

తిప్పాను. చూశాను. మళ్ళీ సరిచేశాను. ఆయన మీద జాలితో కాదు. వంకర పన్ను నా బల్ల మీద నుంచి ఎప్పుడూ పోలేదు. ఇప్పుడూ పోదు.

మార్చి 13, గురువారం

అనిపించాను.

మైనం సెట్టు నోట్లో పెట్టి మాట్లాడించి చూడటం మా పద్ధతి. ముప్ఫై నుంచి నలభై దాకా లెక్క పెట్టమంటాను. ముప్ఫై అన్నప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవికి తగలాలి. తగలకపోతే పొట్టి. లోపలికి గుచ్చుకుంటే పొడుగు. ఆయన లెక్కపెట్టాడు. చక్కగా తగిలింది.

"ఇంకో మాట అనండి" అన్నాను.

"ఏం అనను?"

"తప్పు నాది. అమ్మాయి పన్ను పాడుచేసింది నేను. అనండి. పళ్ళు ఎలా కదులుతాయో చూడాలి."

కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన నా మొహం చూశాడు. ఆ రోజు దీపం కింద చూసిన చూపే. తప్పించుకుంటాడనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. నాలుగు మాటలు సిద్ధం చేసుకునే వెళ్ళాను.

"తప్పు నాది మేస్త్రీ" అన్నాడు. "అమ్మాయి పన్ను పాడుచేసింది నేనే."

పన్ను కదల్లేదు. మాట ఎక్కడా తడబడలేదు.

సెట్టు తీసి డబ్బాలో పెట్టుకుని వచ్చేశాను. దారంతా గాల్లో తేలుతున్నట్టు నడిచాను.

మార్చి 14, శుక్రవారం

రెండోసారి వడ్డించమన్నాను. మా ఆవిడ నా మొహం వంక వింతగా చూసింది.

మార్చి 16, ఆదివారం

పిచ్చుక బడికి పళ్ళ డాక్టర్లు వెళ్ళారట. పిల్లలందరి నోళ్ళూ చూసి తలో కాగితం ఇచ్చారట. బొమ్మలు వేసి ఉన్నాయి. అది నా ఒళ్ళో కూర్చుని చదివింది. నోట్లో పళ్ళు లేక సగం మాటలు గాలికి పోతున్నాయి.

"ఒకటి. రోజుకి రెండుసార్లు తోముకోవాలి. తాతయ్యా, నువ్వు తోముకుంటావా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ."

"రెండు. తీపి తిన్నాక నోరు పుక్కిలించాలి. మూడు. ఆటల్లో అసలు పన్ను ఊడితే పై భాగం మాత్రమే పట్టుకోవాలి. వేరుని ముట్టుకోకూడదు. వేరుని తోమకూడదు, గీకకూడదు. మట్టి ఉంటే పాలతో మెల్లగా కడిగి, పాలల్లోనే వేసి, అరగంటలో డాక్టరు దగ్గరికి..."

"మళ్ళీ చదువు."

చదివింది.

"తప్పు చదువుతున్నావు. సరిగా చూడు."

"ఇదిగో తాతయ్యా, తో మ కూ డ దు. నువ్వే చదువు."

"కళ్ళద్దాలు లేవు."

"నెత్తి మీదున్నాయి!" అని విరగబడి నవ్వింది. వాళ్ళమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వలేదు. "చాల్లే, తాతయ్యని విసిగించకు, ఇలా రా" అని కాగితం లాక్కుని మడిచి సంచీలో పెట్టేసింది.

మార్చి 17, సోమవారం

ఆ కాగితం తప్పు. పిల్లల్ని భయపెట్టడానికి ఏవో రాస్తారు.

నేను ఇచ్చింది ముత్యంలాంటి పన్ను.

మార్చి 18, మంగళవారం

డాక్టరు సెట్టు మైనంలోంచి గట్టి ప్లాస్టిక్ చిగుళ్ళలోకి మార్చాను. ఉడకబెట్టడం, విప్పడం, రుద్దడం. పొద్దంతా పని. వేరే ఆలోచనకి తీరిక లేదు.

మట్టి అంటిన పన్ను మట్టితోనే పెడతారా ఎవరైనా? పుండు పట్టదూ? తోమకపోతే ఎలా?

ఆయనే ఒప్పుకున్నాడుగా. తన నోటితో తనే ఒప్పుకున్నాడు. నేను కాస్త అనమన్నాను, అంతే.

మార్చి 20, గురువారం

చిన్న డాక్టరమ్మకి ఒక సెట్టు ఇవ్వడానికి వెళ్ళాను. ఇచ్చాక కూడా నిలబడ్డాను.

"ఏంటి బాబాయ్, ఇంకేమైనా ఉందా?" అంది.

"నాకు తెలిసినవాడొకడున్నాడు. వాళ్ళ పిల్లకి పన్ను ఊడితే వాడు దాన్ని శుభ్రంగా తోమి డాక్టరుకిచ్చాడు. పన్ను నిలవలేదు. తప్పు డాక్టరుదే కదా?"

ఆవిడ చేతులకున్న తొడుగులు తీసి, స్టూలు నా వైపు తోసింది. నేను కూర్చోలేదు.

"వేరు మీద ఎర్రగా పీచులా ఉంటుంది, చూశారా ఎప్పుడైనా?"

"చూశాను."

"అది ప్రాణం బాబాయ్. నారు పీకి నాటేటప్పుడు వేళ్ళకున్న మట్టి దులపం కదా, అలాగన్నమాట. ఆ పీచు ఉంటేనే పన్ను మళ్ళీ ఎముకని పట్టుకుంటుంది. తోమేస్తే చచ్చిపోతుంది. చచ్చిన వేరుని ఎముక కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఆ తర్వాత ఎంత గొప్ప డాక్టరు పెట్టినా నిలవదు."

"వాడు తెలియనివాడు కాదు. పళ్ళ పనిలో ఉన్నవాడే."

"అయితే ఇంకా బాగా తోమి ఉంటాడు" అంది.

వెటకారం కాదు. మెల్లగానే అంది. నేను బయల్దేరుతుంటే అంది, "ఆరు నెలల్లో ఈ సంగతి నన్ను అడిగినవాళ్ళలో మీరు రెండోవారు."

మొదటివారెవరని నేను అడగలేదు.

మార్చి 21, శుక్రవారం

నలభై అయిదేళ్ళుగా నా బల్ల మీదకి వచ్చేవన్నీ కంపెనీ పళ్ళే, అట్టల మీద మైనంలో గుచ్చి వస్తాయి. ఆరు ముందువి, ఎనిమిది దవడవి. వాటికి వేర్లుండవు. నీళ్ళలో వేసినా, పొడిలో దొర్లించినా, మోటారు చక్రం మీద రుద్దినా ఏమీ కాదు. ఎంత రుద్దితే అంత మెరుపు. పని అంటే అదే అనుకున్నాను.

మార్చి 22, శనివారం

మా ఆవిడని కూర్చోబెట్టి అడిగాను.

"ఆ పన్ను ఎందుకు పోయిందో నీకు తెలుసా?"

"ఏ పన్ను?" అంది. తెలియనివాళ్ళు అలా అడగరు.

"నన్ను పిచ్చివాణ్ణి చెయ్యకు."

కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది. "నువ్వు ఆయన్ని తిట్టి వచ్చిన మర్నాడు క్షమించమని అడగడానికి వెళ్ళాను. అప్పుడు చెప్పారు. వేరు తోమడం వల్ల పోయిందమ్మా, ఆయనకి చెప్పకు అన్నారు."

"ఎందుకు చెప్పొద్దన్నాడు?"

"ఎందుకేమిటయ్యా! నీకున్నవి ఆ రెండు చేతులే. వాటిని నువ్వే అసహ్యించుకుంటే మన ఇంట్లో పొయ్యి వెలిగేదా? ఆయన్ని తిట్టుకుంటున్నన్నాళ్ళూ నీకు ఆకలేసేది, నిద్ర పట్టేది. తిట్టుకోనీ అన్నారాయన. నాకేం పోయింది అన్నారు."

"అందుకని ఇరవై ఏడేళ్ళు నన్ను గాడిదని చేశారా ఇద్దరూ?"

"గాడిదైనా పనిచేసింది. పిల్లని చదివించింది" అంది. ఇంకో రోజైతే ఈ మాటకి నవ్వేవాణ్ణి.

"అమ్మాయికి చెప్పావా?"

"నా నోటితో చెప్పలేదు. ఒట్టు."

మార్చి 23, ఆదివారం

వచ్చారు. తిన్నారు. నేను కళ్ళెత్తలేదు.

"ఏం నాన్నా, పన్ను నొప్పా?" అంది అమ్మాయి.

నాకు ఇంకా ఇరవై ఆరు పళ్ళున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

మార్చి 24, సోమవారం

డాక్టరుకి సెట్టు తీసుకెళ్ళాను. పెట్టాను. పై సెట్టు పీట వేసుకుని కూర్చున్నట్టు కూర్చుంది. కింది సెట్టుకి ఒకచోట ఒత్తుకుంటోందన్నాడు. గీకి మళ్ళీ పెట్టాను. 'స' దగ్గర కొంచెం ఈల వస్తోంది. వారంలో నాలుక అలవాటు పడుతుంది. అద్దం ఇచ్చాను. పళ్ళు చూసుకోకుండా అద్దంలోంచి నన్ను చూశాడు.

"తెలిసిందా?" అన్నాడు.

"తెలిసింది. ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"పిల్ల కుర్చీలో కూర్చుని మన ఇద్దర్నీ చూస్తోంది మేస్త్రీ. నోటినిండా దూది. నువ్వేమో చేతిలో పన్ను పెట్టి, ఎలా ఉంది నా పనితనం అన్నట్టు నిలబడ్డావు. దాని ఎదురుగా ఏం చెప్పను?"

"తర్వాత చెప్పొచ్చుగా."

"చెప్తే మళ్ళీ పన్ను పట్టుకునేవాడివా?"

పట్టుకునేవాణ్ణి కాదు.

"మొన్న నేను అబద్ధం ఆడాననుకోకు" అన్నాడు. ఈల వేస్తూనే అన్నాడు. "పద్దెనిమిదేళ్ళు నా వెనక గదిలో ఉన్నావు. పై దవడ, కింది దవడ రాయడం నేర్పాను. ఒక్కసారైనా ముందు గదికి పిలిచి, ఇదిగో పీకిన పన్ను, దీని వేరు ఇలా ఉంటుంది, ఇది బతికున్నది అని చూపించానా? నీకు చేరేవన్నీ ప్లాస్టరు అచ్చులే. మేస్త్రీకి ఇవన్నీ ఎందుకు అనుకున్నాను. నేను అనుకున్నదానికి నీ పిల్ల పన్ను పోయింది."

"తోమింది నా చెయ్యి" అన్నాను.

"తోమింది నీ చెయ్యే" అన్నాడు. నీ తప్పేం లేదు, పోనీలే అని ఊరడించలేదు. ఆ ఒక్కటే ఆయన దగ్గర నాకు నచ్చింది.

బయల్దేరుతుంటే కోడలు మంచినీళ్ళు ఇచ్చింది. "మామయ్యా, ఒకసారి నవ్వండి చూద్దాం" అంది. ఆయన నవ్వాడు. మంచి సెట్టు. ఈ మధ్య నేను చేసినవాటిలో ఇదే మంచిది.

నేను ఆయనకి క్షమించమని చెప్పలేదు. చెప్పాలి.

మార్చి 25, మంగళవారం

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నేను తడుముకోను కూడా లేదు. ఎదుటివాడి భుజం దులిపాను.

మార్చి 26, బుధవారం

పొద్దున మొహం కడుక్కుంటుంటే తట్టింది. ఆరు నెలల్లో నేను రెండోవాణ్ణి.

మొదటిది మా అమ్మాయి. ఇంకెవరుంటారు? ఎముక చాల్లేదన్నప్పుడు డాక్టరమ్మ అడిగి ఉంటుంది, పాత పన్ను ఎలా పోయింది, పెట్టేముందు ఏం చేశారు అని. అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పి ఉంటుంది, మా నాన్న తోమాడని, అందుకే పోయిందా అని అడిగి ఉంటుంది. దానికి తెలుసు. కళ్ళారా చూసింది. నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, నోట్లో గుడ్డ కుక్కుకుని, నేను తోముతుంటే చూసింది. "చూశావా, ఎలా మెరుస్తోందో!" అని నేను దాని కళ్ళ ముందు ఆడించాను కూడా.

ఆరు నెలలు. ఇరవై అయిదు ఆదివారాలు. వచ్చి నా పక్కన కూర్చుని తిని వెళ్ళింది. నేను ఆ డాక్టర్ని తిడుతుంటే పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. మొన్న ఆ కాగితం మడిచి దాచేసింది.

డాక్టరు నన్ను కాపాడాడు. పెళ్ళాం కాపాడింది. ఇప్పుడు కూతురూ కాపాడుతోంది. నేనేమన్నా నోట్లో పళ్ళు లేని పసివాణ్ణా? గంజి కాచి పోస్తున్నారు అందరూ.

ఎదురుగా మాట్లాడబోతే నేను కసురుకుంటాను. నాకు తెలుసు. అందుకని ఉత్తరం రాశాను. తప్పులుంటాయి. మొదట ఇందులో రాసుకుని తర్వాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను. రేపు పొద్దున బ్యాంకుకి వెళ్ళేముందు దాని చేతికే ఇస్తాను. వాళ్ళమ్మ ద్వారా కాదు.

అమ్మాయీ,

నీ పన్ను పోగొట్టింది డాక్టరు కాదు, నేను. ముత్యంలా తోమి ఇచ్చానని ఊరంతా చెప్పుకున్నాను. ఆ తోమడమే దాన్ని చంపింది. నాకు ఈ వారమే తెలిసింది. నీకు ముందే తెలుసని ఇవాళ తెలిసింది.

తెలియక చేశాను. ఆ మాట ఒక్కసారే రాస్తున్నాను. దాని చాటున దాక్కోను. తెలియనివాడు అడగాలి. డాక్టరు పది అడుగుల దూరంలో ఉన్నాడు, అడగలేదు. నాకు తెలుసనుకున్నాను.

నువ్వు బడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చావు. మీ టీచరు దగ్గరికి కాదు, అమ్మ దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి కూడా కాదు. ముందు తలుపు దాటి వెనక గదికి వచ్చావు. నేను మామూలు మనిషినై ఉంటే, ఇంకేదో పని చేసేవాణ్ణై ఉంటే, నిన్ను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. నీ పన్ను నీకుండేది. నువ్వు పెళ్ళి ఫోటోలో నవ్వేదానివి.

స్క్రూ పన్ను మిషనే చెయ్యనీ. నన్ను చెయ్యనిమ్మని అడగను. నేను వస్తే నీకు ఇబ్బందైతే సోమవారం ఆసుపత్రికి కూడా రాను.

నాకు కావలసింది ఒకటే. డాక్టర్ని నేను అందరి ముందూ తిట్టాను. ఆయన పడ్డాడు. నా వంతు నాకు ఇవ్వకుండా మీరంతా దాచుకున్నారు. నాకు జాలి వద్దు. నువ్వు నా మీద కోపంగా ఉన్నావా, లేవా? ఉంటే ఎంత? చెయ్యి అడ్డం పెట్టుకున్న ప్రతిసారీ నన్ను తలుచుకున్నావా? తిట్టాలనుంటే తిట్టు. ఆదివారం భోజనానికి రాబుద్ధి కాకపోతే ఆ మాటే చెప్పు. "పోనీలే నాన్నా" అని మాత్రం అనకు. అంటే నేను తలుపు వేసేస్తాను.

ఫోనులో వద్దు. అమ్మతో కబురు వద్దు. పిచ్చుకని తీసుకురావద్దు. శనివారం నువ్వు బ్యాంకు నుంచి తొందరగా వస్తావు కదా. సాయంత్రం ఆరింటిదాకా ఎక్కడికీ వెళ్ళకుండా గుమ్మంలోనే కూర్చుంటాను. సోమవారం నీకు కొత్త పన్ను వస్తుంది. ఆ తర్వాత నువ్వు ఏమన్నా అది కొత్త పన్ను పెట్టుకున్న సంతోషంలో అన్నట్టే ఉంటుంది. నాకు ఆ మాట ఇప్పుడే, ఆ ఖాళీ ఉన్న నోటితోనే కావాలి.

శనివారం, ఇరవై తొమ్మిది, సాయంత్రం ఆరింటిలోగా జవాబు చెప్పు.

నాన్న